ఆదివారం గుడ్లు

ఫిబ్రవరి 9, ఆదివారం

డైరీ రాసేది గొప్పవాళ్ళయినా అవ్వాలి, చెప్పుకోడానికి పక్కన మనిషి లేనివాళ్ళయినా అవ్వాలి అంటుంది అక్క. నేను మొదటి రకం కాదని నాకంటే ముందు తనకే తెలుసు.

ఈ మధ్యాహ్నం జరిగింది ఎక్కడో ఒకచోట కక్కకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ మెస్‌కు సెలవు. వంటవాళ్ళకు విశ్రాంతి కావాలి, కాదనను. కానీ నా కడుపుకు సెలవుల్లేవు. అందుకే ఐదేళ్ళ రీసెర్చిలో నేను కనిపెట్టిన ఒకే ఒక్క కొత్త సంగతి ఇది: మా ల్యాబ్‌లో వాటర్ బాత్ అని మూత ఉన్న స్టీలు తొట్టి ఒకటి ఉంది. దాని మీట పూర్తిగా తిప్పితే గుడ్లు బ్రహ్మాండంగా ఉడుకుతాయి. ఆదివారం ల్యాబ్‌కు తాళం వేస్తారు, ఎవరూ రాకూడదని రూలు. నా దగ్గర మారు తాళంచెవి ఉంది. ఆర్నెల్లుగా ఇదే నా ఆదివారం భోజనం. డిసెంబరులో కడుపు చెడి పడుకున్న ఒక్కరోజు, జనవరిలో మేనల్లుడి పుట్టినరోజుకు అక్క ఇంట్లో తిన్న ఒక్కరోజు, ఈ రెండూ తప్ప.

ఇవాళ కూడా అంతే. తొట్టిలో కందిరీగ టెస్ట్ ట్యూబుల స్టాండు ఉంది. కందిరీగ అంటే మా ల్యాబ్‌లో రెండో సంవత్సరం పిల్ల. మాట సూటిగా వచ్చి కుడుతుందని ఆ పేరు నేనే పెట్టాను, మనసులోనే. ట్యూబులు శనివారం గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి సోమవారం తీసి అంకెలు చూసుకుంటుంది. ఎప్పటిలాగే ఆ స్టాండు తీసి బల్ల మీద పెట్టి, మీట తిప్పి, గుడ్లు వేశాను. ఉడికాయో లేదో, తలుపు దగ్గర తాళం తీస్తున్న చప్పుడు. పెద్దాయన గొంతు.

పెద్దాయనంటే మా గైడు. ఆయన సంతకం పెడితే నా థీసిస్, లేకపోతే చిత్తుకాగితాల కట్ట. గుడ్లు రుమాల్లో మూటకట్టి, మీట వెనక్కి తిప్పి, స్టాండు గబుక్కున మళ్ళీ నీళ్ళలోకి దింపి, మూత వేసి, పక్కనున్న, తూకాలు వేసే బ్యాలెన్స్ గదిలోకి దూరాను. మూట చొక్కా లోపల దాచుకున్నాను. ఎక్కడ దాచుకోవాలో ఆలోచించే తెలివి ఉంటే ఐదేళ్ళు పట్టేది కాదు.

"ప్రతి సోమవారం నీ అంకెలు ఎందుకు పడిపోతున్నాయి?" అంటున్నాడు పెద్దాయన.

"తెలీదు సార్. ఎలా వస్తే అలా రాస్తున్నాను." కందిరీగ.

"శుక్రవారానికల్లా సదస్సుకు పేపర్ పంపాలి. ఎంత రావాలో మనకి తెలుసు కదమ్మా. అదే వేసెయ్."

"రానివి ఎలా వేస్తాను సార్?"

"నువ్వు వేయకపోతే నేనే వేసుకుంటాను. పేరు మాత్రం నీదే ముందుంటుంది. ఇంకేం కావాలి?"

"నా పేరు తీసేయండి సార్."

"పేరు తీస్తే స్కాలర్‌షిప్పు కూడా తీయాల్సొస్తుంది. ఆలోచించుకో." ఆగాడు. "ఏంటీ వాసన?"

"తెలీదు సార్."

వాళ్ళు వెళ్ళేదాకా గుండెల మీద రెండు గుడ్లూ కాలుతూనే ఉన్నాయి. తర్వాత రెండూ తిన్నాను. ఉప్పు తెచ్చుకోవడం మర్చిపోయాను.

ఫిబ్రవరి 10

కందిరీగ ట్యూబులు తీసి, అంకెలు రెండుసార్లు సరిచూసుకుంది. "ఈ వారం మరీ ఘోరంగా వచ్చాయన్నా" అంది. పోన్లే తల్లీ, వచ్చేవారం వస్తాయిలే అన్నాను. పాపం, ఆ పిల్లకు ఏదీ కలిసి రావడం లేదు.

ఫిబ్రవరి 12

విన్నది ఎవరికైనా చెప్పాలి. చెబితే, నువ్వక్కడ ఏం చేస్తున్నావంటారు. మారు తాళంచెవి ఎక్కడిదంటారు. తేలు కుట్టిన దొంగ అంటే ఎవరో చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు.

ఫిబ్రవరి 14

పేపర్ వెళ్ళిపోయింది. అంకెలు ఆయనే వేసుకున్నాడు. కందిరీగ రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. నేను కూడా ఆమెతో మాట్లాడటం లేదు, మర్యాద కోసం.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఈసారి లోపల గడియ పెట్టుకున్నాను. ఉప్పు కూడా తీసుకెళ్ళాను. జాగ్రత్తపరుణ్ణి.

మార్చి 17

సదస్సువాళ్ళు పేపర్ తిప్పి పంపారు, యూనివర్సిటీకి ఫిర్యాదు కూడా చేశారు. వేరే వేరే వారాల అంకెలు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయట. పెద్దాయన ఒక మంచి వారం పట్టికనే అన్ని వారాలకూ దించేశాడు. దొంగపని చేసేటప్పుడైనా కాస్త శ్రద్ధ ఉండాలి. నేను చూడండి, పెంకులు కూడా కాగితంలో చుట్టి బయట పారేస్తాను.

విచారణ వేశారు. పెద్దాయన ఒకటే మాట: "అమ్మాయి ఇచ్చింది, నమ్మాను." నిజమని తేలితే కందిరీగ సీటు పోతుంది. మళ్ళీ ఏ యూనివర్సిటీ తీసుకోదు.

సాయంత్రం నన్ను గదికి పిలిచాడు. బల్ల మీద నా థీసిస్ ఉంది. పేపర్‌వెయిట్ దాని మీద పెట్టి తిప్పుతున్నాడు.

"ఏవయ్యా, ఆ అమ్మాయి పని నువ్వు దగ్గర్నుంచి చూశావుగా. చెయ్యి నిలకడ తక్కువ కదూ?"

నేను ఆయన వంక కాదు, పేపర్‌వెయిట్ వంక చూశాను. "కొంచెం వణుకుతుంది సార్" అన్నాను.

"అదే. నేను కూడా అదే అనుకున్నా. నీ సంతకం సంగతి నెలాఖరులో చూద్దాం."

మార్చి 18

వణుకుతుందా? గుర్తు తెచ్చుకుంటే ఎక్కడో కొంచెం వణికినట్టే ఉంది. అందరి చేతులూ కొంచెం వణుకుతాయి.

మార్చి 20

నోటీసు బోర్డు దగ్గర తిరునాళ్ళలా జనం. విచారణ కమిటీ కొత్త సర్క్యులర్ పెట్టింది. పెద్ద తప్పును చూసినవాళ్ళు ధైర్యంగా వచ్చి చెప్పాలట. ఆ సమయంలో వాళ్ళు చేస్తున్న "ఇతరులకు నష్టం కలిగించని చిన్న తప్పులను" యూనివర్సిటీ పట్టించుకోదట. దీనికి హాస్టల్ అప్పుడే మాఫీ అని పేరు పెట్టేసింది.

నాలుగో గదివాడు మూడు నెలలుగా పిల్లిని దాచి పెంచుతున్నాడు. మాఫీ కావాలంటే ఎవరో ఒకరు పెద్ద నేరం చేయాలి, అది తను చూడాలి, పిల్లి కూడా పక్కన ఉండాలి. ఎక్కడైనా ఏదైనా జరుగుతుంటే నన్ను పిలవండ్రా అని అందర్నీ బతిమాలుతున్నాడు.

గదికొచ్చాక నా రూమ్‌మేట్ ప్లీడర్ని అడిగాను. ఇంకా లా మూడో సంవత్సరమే, కానీ మాట్లాడే తీరు చూస్తే హైకోర్టు ఇక్కడికే వచ్చినట్టుంటుంది.

"నా స్నేహితుడొకడు ల్యాబ్‌లో గుడ్లు ఉడకబెట్టుకున్నాడనుకో. అది చిన్న తప్పేనా?"

"నష్టం ఎవరికి జరిగిందన్నదే ప్రశ్న. గుడ్డు వల్ల నష్టపోయింది కోడి. కోడి ఈ యూనివర్సిటీలో సభ్యురాలు కాదు."

"అంటే చెప్పొచ్చా?"

"'పరికరాల దుర్వినియోగం' అని ఇంకో నిబంధన ఉంది. తొట్టిని పరికరం అనాలా, పాత్ర అనాలా అన్నది వాదించాలి. గుడ్లు సొంతవా? కరెంటు ఎవరిది?"

కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఏమిటో ఇన్నాళ్ళూ మాటగానే విన్నాను. ఇవాళ కళ్ళారా చూశాను. సగం ఈకలు నేనే అందించాను.

మార్చి 22

తెలివైన పని చేశాను. కమిటీవాళ్ళు పెట్టిన ఫిర్యాదుల పెట్టెలో పేరు రాయకుండా ఒక ప్రశ్న వేశాను. 'ఒకవేళ' అని మొదలుపెట్టాను కాబట్టి నేనని తెలిసే అవకాశమే లేదు.

మార్చి 25

జవాబు నోటీసు బోర్డు మీద అతికించారు. నా ప్రశ్నతో సహా, పెద్ద అక్షరాల్లో.

"ప్రశ్న: ఒకవేళ ఎవరైనా ఆదివారం ల్యాబ్‌లో గుడ్లు ఉడకబెట్టుకుంటూ, పక్క గదిలోంచి ఏదైనా విని ఉంటే, గుడ్ల సంగతి మాఫీ అవుతుందా? జవాబు: ఆ గుడ్ల వల్ల ఎవరికీ నష్టం జరగకపోతే అవుతుంది. ఆ వ్యక్తి ఏప్రిల్ 4న విచారణకు వచ్చి విన్నది చెప్పవలసిందిగా కోరుతున్నాం."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని సామెత. నేను ఎవరూ అడగకముందే తడుముకున్నాను, అదీ రాతపూర్వకంగా. క్యాంటీన్‌లో ఒకటే గోల. గుడ్డు ఎవరు, గుడ్డు ఏం విన్నది, గుడ్డు ఎప్పుడు పగులుతుంది. నాలుగో గదివాడు పిల్లిని దుప్పట్లో చుట్టి తెచ్చి మరీ దానిచేత చదివిస్తున్నాడు.

మధ్యాహ్నం పెద్దాయన ల్యాబ్‌కు వచ్చాడు. అందర్నీ చూసి నా దగ్గర ఆగాడు.

"మన ల్యాబ్‌లో గుడ్లు తినేదెవరయ్యా?"

"తెలీదు సార్. నాకు గుడ్లు పడవు."

మార్చి 27

క్యాంటీన్‌లో ఆమ్లెట్ వాసన వస్తే లేచి వచ్చేశాను. గుడ్లు పడవన్నాను కదా, పక్క బల్ల దగ్గర పెద్దాయన.

మార్చి 28

లెక్క సరిచూసుకుంటున్నాను. మొన్నటిదాకా చెప్పకపోవడానికి కారణం రూలు భయం. మాఫీతో అది పోయింది. చిన్న తప్పేనని జవాబు కూడా ఇచ్చారు. మరి ఇంకా ఎందుకు చెప్పడం లేదంటే, థీసిస్. సంతకం అయ్యాక తప్పకుండా చెబుతాను. అప్పటికి ఆ పిల్లను పంపించేస్తారు, అదొక్కటే చిక్కు.

మార్చి 30, ఆదివారం

గుడ్లు సంచిలో వేసుకుని ల్యాబ్‌కు వెళ్ళాను. ఇంత జరిగాక కూడా వెళ్ళానని ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాయను. ఆకలికి సిగ్గుండదంటారు, నిజానికి లేనిది నాకు.

మెట్ల మీద కందిరీగ కూర్చుని ఉంది. విచారణ అయ్యేదాకా ఆమె ల్యాబ్‌లోకి రాకూడదన్నారు. లోపలికి వెళ్ళలేక, హాస్టల్లో ఉండలేక వచ్చి కూర్చుందట. సంచి వెనక్కి దాచుకుని పక్కన కూర్చున్నాను.

"శుక్రవారం ఏం చెబుతావు?" అన్నాను.

"ఏముందన్నా చెప్పడానికి. నా మాట, ఆయన మాట. నా సోమవారం అంకెలే చెత్తగా ఉంటే నన్నెవరు నమ్ముతారు?"

"అన్నీ చెత్తేనా?"

"జనవరిలో ఒక్క వారం బాగా వచ్చాయి, పుస్తకంలో ఉన్నట్టు. సార్ అవే ఎత్తి అన్నిటికీ వేశారు. నేను ఆ వారమే ఏం సరిగ్గా చేశానో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదన్నా."

ఏ వారమని అడిగాను. చెప్పింది. మేనల్లుడి పుట్టినరోజు వారం.

పనుందని చెప్పి లేచాను. సంచిలో గుడ్డు ఒకటి పగిలి కారుతోంది, చెప్పులోకి వచ్చేదాకా చూసుకోలేదు.

మార్చి 31

ఒక్క వారంతో ఏ నిర్ధారణకూ రాకూడదని సైన్సు చెబుతుంది. ఐదేళ్ళలో సైన్సు నా మీద ఇంత దయ చూపించడం ఇదే మొదటిసారి. నీళ్ళు చల్లారాకే కదా నేను స్టాండు పెట్టేది. అంటే, కొంచెం చల్లారాక. వేలు పెట్టి వెంటనే తీసేస్తే కాలనంత.

సాయంత్రం ఉండబట్టలేక ఆమెకు ఫోన్ చేశాను. ఇంకే వారమైనా బాగా వచ్చాయా?

"డిసెంబరులో ఒకసారి. ఎందుకన్నా?"

ఊరికేనన్నాను. డిసెంబరులో నేను విరేచనాలతో పడుకుని ఉన్న ఆదివారం. పడక మీంచి లేవలేదు కాబట్టి ఆమె ప్రయోగం బతికింది.

ఏప్రిల్ 1

ఆమె అంకెలు తప్పు కాదు. ఆమె చెయ్యి తప్పు కాదు. ఉడికించిన ట్యూబుల నుంచి ఎంత రావాలో అంతే వచ్చాయి, ఎంత వచ్చాయో అంతే రాసింది. రాయమన్న అబద్ధం రాయనంది. ఆ అబద్ధం అవసరమయ్యేలా చేసింది నా గుడ్లు.

పెద్దాయన మాట వినడానికి ముందే నేను నేరంలో ఉన్నాను. 'ఎవరికీ నష్టం జరగకపోతే' అని మాఫీ. నేను అడిగి మరీ రాయించుకున్న జవాబు అది.

ఏప్రిల్ 2

అక్క దగ్గరికి వెళ్ళాను. బట్టలు కుట్టే షాపు దానిది. మిషన్ ఆపకుండానే మొత్తం విన్నది. గుడ్ల దగ్గర నవ్వింది. కందిరీగ సీటు దగ్గర నవ్వు పోయింది.

"మరి చెబుతున్నావు కదా?"

"మాఫీ నాకు రాదక్కా. విన్నది మాత్రం చెప్పి, ట్యూబుల సంగతి వదిలేస్తే వస్తుంది."

"ట్యూబుల సంగతి వదిలేస్తే ఆ పిల్లకి పని చేతకాదనే కదరా అందరూ అనుకునేది?"

"అనుకుంటారు. కానీ సీటు ఉంటుంది."

"ఒరేయ్, ఇన్నాళ్ళూ నిజం చెప్పడానికి తిరుగుతున్నావనుకున్నా. నీ గుడ్లకి పూచీకత్తు కోసమా తిరిగింది?"

"థీసిస్ పోతుందే. నువ్వేమో షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ మా తమ్ముడు డాక్టరు అని చెప్పుకుంటున్నావు."

"డాక్టరంటే ఒకావిడ మోకాలు చూపించడానికి వచ్చి కూర్చుంది మొన్న. నీ డాక్టరు పని లేకపోయినా నా షాపు నడుస్తుందిలే." మిషన్ ఆపింది. "అన్నం తిన్నావా?"

తిన్నాను. ఏడుపొచ్చింది. అక్క చూడనట్టు దారం ఎక్కించుకుంది.

ఏప్రిల్ 4

చెప్పేశాను.

ఏప్రిల్ 5

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

కమిటీలో ముగ్గురు. మధ్యలో లెక్కల మేడమ్. వాళ్ళకు ఎదురుగా ఒక పక్క పెద్దాయన, ఇంకో పక్క కందిరీగ. నేను లోపలికి రాగానే పెద్దాయన చిన్నగా తలాడించాడు, మనవాడొచ్చాడని. చెయ్యి వణుకు గురించి చెప్పడానికి వచ్చాననుకున్నాడు.

"నోటీసు బోర్డు మీద గుడ్లు నావే మేడమ్" అన్నాను.

ఎవరో నవ్వారు. మేడమ్ నవ్వలేదు. విన్నది విన్నట్టు చెప్పాను. అదే వేసెయ్, నువ్వు వేయకపోతే నేనే వేసుకుంటాను, స్కాలర్‌షిప్పు తీయాల్సొస్తుంది, ఏంటీ వాసన. వాసన మాట దగ్గర పెద్దాయన మొహం మారింది.

"అబద్ధం మేడమ్" అన్నాడు. "ఇతనికి గుడ్లు పడవు. నాకు స్వయంగా చెప్పాడు."

"పడతాయి సార్" అన్నాను. "బాగా పడతాయి."

తర్వాత ట్యూబుల సంగతి మొదలుపెట్టాను. స్టాండు తీయడం, మీట తిప్పడం, వేడి నీళ్ళలోనే మళ్ళీ పెట్టడం, డిసెంబరు, జనవరి. అప్పుడు మాత్రం కందిరీగ నా వైపు తిరిగింది. అంతదాకా ఆమె కళ్ళలో ఉన్నది కృతజ్ఞత. అది పోవడం నేను కూర్చుని చూశాను.

"బాబూ, ఇది చిన్న తప్పు కిందకి రాదు. తెలిసే చెబుతున్నావా?" అంది మేడమ్.

"తెలుసు మేడమ్. ఆ జవాబు నాకే ఇచ్చారు."

ఉత్తినే నమ్మలేమన్నారు. ఒక వారం గుడ్లు లేకుండా, ఇంకో వారం గుడ్లతో, కమిటీ ఎదుట ప్రయోగం మళ్ళీ చేయాలట. మొదటిది ఇవాళే మొదలైంది.

బయటికొచ్చాక కందిరీగ వరండాలో ఆగి ఉంది. ఏదో ఒకటి అంటుందని నిలబడ్డాను. కుడితే బాగుండు అనిపించింది.

"నా చెయ్యి వణుకుతుందని సార్ నాతో అన్నారు. ఆయనకి చెప్పింది మీరేనా?"

"అవును."

"డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. మందులు రాశారు. రెండు వారాలుగా వేసుకుంటున్నాను. వేసుకుంటే నిద్ర, తల తిరుగుడు. రోజూ పొద్దున్నే చెయ్యి చాచి చూసుకుంటున్నాను, తగ్గిందా లేదా అని."

క్షమించమన్నాను. విన్నదో లేదో తెలియదు, వెళ్ళిపోయింది. మాటల్లో ఎక్కడా 'అన్నా' అని పిలవలేదు.

ఏప్రిల్ 7

గుడ్లు లేని వారం. అంకెలు పుస్తకంలో ఉన్నట్టు వచ్చాయి.

ఏప్రిల్ 13, ఆదివారం

కమిటీ సమక్షంలో, ప్రభుత్వ లాంఛనాలతో గుడ్లు ఉడికాయి. మేడమ్ గడియారం చూస్తోంది. ఒక సభ్యుడు ఉష్ణోగ్రత రాస్తున్నాడు. నాలుగో గదివాడు కిటికీ అవతల పిల్లితో నిలబడ్డాడు. ఆర్నెల్లు దొంగతనంగా చేసిన పని కింద ఇప్పుడు సాక్షి సంతకాలు పడ్డాయి.

స్టాండు తీయాల్సింది నేను, ఎప్పుడూ తీసింది నేనే కాబట్టి. తీస్తుంటే ట్యూబులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. వణికింది నా చెయ్యి.

"పక్కకి జరగండి" అని కందిరీగ స్టాండు అందుకుని బల్ల మీద పెట్టింది. ఒక్క ట్యూబు కూడా చప్పుడు చేయలేదు.

ఏప్రిల్ 14

అంకెలు పడిపోయాయి. ఫిబ్రవరిలో ఎంతకు పడ్డాయో దాదాపు అంతకే. నా ఐదేళ్ళ రీసెర్చిలో రెండోసారి చేసినా అదే ఫలితం వచ్చిన ప్రయోగం ఇదొక్కటే.

నిర్ణయాలు కూడా ఇవాళే చెప్పారు. కందిరీగ మీద కేసు కొట్టేశారు, ల్యాబ్‌లోకి రానిచ్చారు. పెద్దాయన్ని పక్కన పెట్టారు, ఆయన మీద వేరే విచారణ. నాకు మారు తాళంచెవి మాఫీ అయింది, గుడ్లు కాలేదు. ఏడాది పాటు ల్యాబ్‌లో అడుగు పెట్టకూడదు, ఆ తర్వాత కొత్త గైడును వెతుక్కోవాలి. ఫోన్‌లో చెబితే అక్క అంది, "ఇకనుంచి ఆదివారం అన్నానికి ఇక్కడికి రా."

తాళంచెవి అప్పజెప్పి, నా బల్ల ఖాళీ చేస్తున్నాను. కందిరీగ ఒక్కతే అటు పక్క అంకెలు చూసుకుంటోంది. ఫిబ్రవరివి, ఇవాళ్టివి, పక్కపక్కనే పెట్టుకుని. "అవే" అంది. నాతో కాదు. తర్వాత కుడి చెయ్యి ముందుకు చాచి, వేళ్ళు విప్పి, కాసేపు దాన్నే చూసింది.

సంచిలోంచి మందుల అట్ట తీసింది. చెత్తబుట్టలో నిన్నటి గుడ్ల పెంకులు ఇంకా ఉన్నాయి. వాటి మీద పడేసి, మళ్ళీ పనిలో పడింది.